భూమి ధర, భూమి విలువ : కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల చరిత్ర వెలుగులో ఒక పరిశీలన

ఇస్లామీ ధర్మశాస్త్ర గ్రంథాలలో క్రయవిక్రయాల అధ్యాయం తెరిస్తే రెండు పదాలు పదే పదే కనిపిస్తాయి. ఒకటి సమన్, రెండవది ఖీమత్. ఉర్దూ వాడుకలో ఇవి ఇంచుమించు ఒక్కటైపోయినవి. తెలుగులోనూ ధర, విలువ అనే మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడడం పరిపాటి. ఫుఖహాలు మాత్రం ఈ రెండింటినీ జాగ్రత్తగా వేరుచేసి చూపినారు. కొనేవాడు, అమ్మేవాడు పరస్పరం ఒప్పుకున్న మొత్తం సమన్. ఆ వస్తువును ఎరిగినవారు బజారును బట్టి దానికి కట్టే వెల ఖీమత్. సమన్ ఖీమత్‌కు సమానం కావచ్చు, మించవచ్చు, తగ్గవచ్చు. 1869-1876 మధ్య ఉస్మానీ ప్రభుత్వం వెలువరించిన మజల్లాలో 153, 154 అధికరణలు ఈ భేదాన్నే నిర్వచించినవి.

ఈ భేదం అన్ని వస్తువులలోనూ ఒకే పరిమాణంలో ఉండదు. వెల కట్టేవారి అంచనాలను దాటిపోయిన తేడాను ఫుఖహాలు "గబ్నె ఫాహిష్" అన్నారు, అంటే ఘోరమైన నష్టం. మజల్లా 165వ అధికరణ దీనికి హద్దులు చెప్పినది. మామూలు సరుకులలో ఇరవయ్యవ వంతు, పశువులలో పదవ వంతు, స్థిరాస్తిలో అయిదవ వంతు. బియ్యం, బట్టలు రోజూ చేతులు మారుతాయి కనుక వాటి వెల అందరికీ తెలుసు. పశువు వెల సంతకు పోయేవారికి తెలుసు. ఒక ఇల్లు, ఒక చేను మాత్రం తరానికి ఒకసారి అమ్ముడుపోతాయి. పోల్చి చూడడానికి దానిలాంటిది మరొకటి దొరకదు. అందుకే స్థిరాస్తిలో నూటికి ఇరవై వరకు తేడాను సహించవలసి వచ్చినది. మరో విధంగా చెప్పాలంటే, భూమి కొనేవాడు మోసం ఏమీ లేకపోయినా అయిదవ వంతు పొరపడే అవకాశం ఉన్నదని ధర్మశాస్త్రమే అంగీకరించినది.

గత యాభై ఏండ్లుగా కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల కుటుంబాలు గల్ఫ్ దేశాలలో సంపాదించిన సొమ్ములో చెప్పుకోదగ్గ భాగం భూమిలోకి, ఇండ్ల స్థలాలలోకి పోయినది. కాబట్టి భూమికి విలువ కట్టడం ఎట్లా అన్నది ఇక్కడ పుస్తకాలకే పరిమితమైన చర్చ కాదు. ఈ గడ్డ మీదనే భిన్న కాలాలలో భిన్న పద్ధతులలో భూమికి విలువ కట్టినారు. ఆ చరిత్ర తెలిసినవానికి తన సొమ్ము ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారిపోతుందో కొంతైనా బోధపడుతుంది.

మదీనా నాటి మూడు వ్యవహారాలు

ప్రవక్త ముహమ్మద్ (సఅసం) మదీనా చేరిన తరువాత మస్జిద్ నిర్మాణానికి బనూ నజ్జార్ వారి తోట స్థలాన్ని ఎంచుకున్నారు. ఆ స్థలాన్ని ఊరికే తీసుకోలేదు. దానికి వెల చెప్పండి అని వారిని అడిగినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. వారు ప్రతిఫలం అల్లాహ్ వద్దనే కోరుకుంటామన్నారు. ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవారిని సైతం ముందు వెల అడగడం గమనార్హం. ప్రార్థనా స్థలానికైనా సరే, వెల మాట తేలిన తరువాతనే స్థలం స్వీకరించాలన్న మర్యాద అక్కడ స్థిరపడినది.

రెండవది రూమా బావి. మదీనాలో తీపినీటి బావి అది. దాని యజమాని నీళ్ళు అమ్ముకునేవాడు. హజ్రత్ ఉస్మాన్ (రజి) అందులో సగం వాటాను 12,000 దిర్హములకు కొన్నారనీ, ఒకరోజు ఆయన వంతు, మరురోజు పాత యజమాని వంతుగా ఒప్పందం జరిగినదనీ ఒక కథనం. ఉస్మాన్ (రజి) వంతు రోజున నీరు ఉచితం. జనం ఆ రోజే రెండు రోజులకు సరిపడా తోడుకునేవారు. రెండవ రోజు కొనేవారు లేకపోయినారు. చివరికి యజమాని మిగిలిన సగాన్ని 8,000 దిర్హములకు అమ్మివేసినాడు. బావి అదే, నీరు అదే, వాటా కూడా అంతే. కానీ ఆదాయం ఆగిపోగానే విలువ మూడవ వంతు పడిపోయినది. ఆస్తి విలువ దాని రాబడిలో ఉన్నదన్న సూత్రానికి ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతం అరుదు.

మూడవది హజ్రత్ అబూ రాఫె (రజి) ఇంటి వ్యవహారం. పొరుగువారైన హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) నాలుగు వేల దిర్హములకు మించి ఇవ్వనన్నారు, అదీ వాయిదాల మీద. ఇతరులు 500 దీనార్లు ఇవ్వజూపినారు. అంటే ఆనాటి మారకం ప్రకారం సుమారు అయిదు వేల దిర్హములు. అయినా పొరుగువానికే ఎక్కువ హక్కు ఉన్నదని ప్రవక్త (సఅసం) చెప్పగా విన్నానంటూ అబూ రాఫె తక్కువకే ఇచ్చివేసినారు. ఎక్కువ ధర వచ్చిన చోటికే పోవాలన్నది బజారు నియమం. పొరుగు కూడా ఒక విలువే అన్నది ఈ ఉదంతం. షుఫా హక్కు, అనగా పొరుగువానికో భాగస్వామికో ముందుగా కొనే అవకాశం, ఈ పునాది మీదనే ఫిఖహ్‌లో విస్తరించినది.

సవాద్ నుండి సాలార్‌జంగ్ దాకా

విడివిడి ఇండ్లు, బావుల సంగతి అట్లుండగా ఒక దేశపు భూమి మొత్తానికి విలువ కట్టవలసిన అవసరం హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఏర్పడినది. ఇరాఖ్‌లోని సవాద్ భూములను కొలవడానికి ఉస్మాన్ బిన్ హునైఫ్, హుజైఫా బిన్ యమాన్ (రజి) గార్లను ఆయన నియమించినారు. పైరును బట్టి జరీబుకు ఇంత అని పన్ను నిర్ణయమైనది. తమ షహాదత్‌కు కొద్ది రోజుల ముందు ఉమర్ (రజి) ఆ ఇద్దరినీ పిలిచి, భూమి మోయలేని భారం దాని మీద మోపలేదు కదా అని అడిగినట్లు బుఖారీలో ఉన్నది. ఖజానాకు ఎంత వస్తుందని కాక, భూమి ఎంత మోయగలదని విచారించడం అక్కడి విశేషం.

హారూన్ రషీద్ కాలానికి పరిస్థితి మారినది. బీడుపడిన నేలకూ పాత లెక్క ప్రకారమే పన్ను పడుతున్నది. ఖాజీ అబూ యూసుఫ్ తమ కితాబుల్ ఖరాజ్‌లో కొలత పన్నుకు బదులు పంటలో వాటా పద్ధతిని సూచించినారు. పారే నీటితో పండే గోధుమ, యవలలో అయిదింట రెండు వంతులు. యంత్రాలతో నీరు తోడి పండిస్తే పదింట మూడు వంతులు మాత్రమే. నీరు ఎక్కించే శ్రమ, ఖర్చు రైతువి కనుక వాటా తగ్గవలసిందే. 1058లో మరణించిన ఇమామ్ మావర్దీ మరింత క్రమబద్ధంగా చెప్పినారు. పన్ను వేసేవాడు నేల గుణం, పైరు రకం, నీటి ఆధారం చూడాలి. పట్టణాలకు, బజార్లకు గల దూరాన్ని కూడా కొందరు నాల్గవ అంశంగా చేర్చినారు. అంతటితో ఆగక, నేల ఇవ్వగల చివరి గింజ దాకా లెక్క వేయరాదనీ, కరువుకాటకాలకు రైతు వద్ద కొంత మిగలాలనీ హెచ్చరించినారు.

ఈ నాలుగు అంశాలూ హైదరాబాద్ రాజ్యంలో మరో దారిన వచ్చి చేరినవి. 1853లో దివాన్ పదవి చేపట్టిన మొదటి సాలార్‌జంగ్ నాటికి పన్ను వసూలు చాలా చోట్ల గుత్తేదారుల చేతిలో ఉన్నది. గుత్తేదారు వేలంలో పాడేవాడు. రైతు నుండి ఎంత పిండగలనన్నదే అతని లెక్క. అతని గుత్తా కొన్ని ఏండ్లకే పరిమితం కనుక చెరువు కట్ట తెగినా, బావి పూడినా బాగుచేయించడం అతనికి దండుగ. భూమికి అతడు కట్టినది విలువ కాదు, తన గడువులోని పిండుడు మాత్రమే. సాలార్‌జంగ్ గుత్తాలను క్రమంగా తొలగించి, 1865లో జిలాబందీ ద్వారా రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి, జీతగాళ్ళైన తాలూఖ్‌దార్లను నియమించినాడు. ధాన్యం రూపంలోని బటాయి స్థానంలో నగదు శిస్తు వ్యాపించినది.

1870వ దశకం చివర మరాఠ్వాడాలో ఆరంభమైన సర్వే, బందోబస్తు ఆ తరువాత తెలంగాణకు వచ్చినవి. వీటికి నమూనా 1840లలో రూపుదిద్దుకున్న బొంబాయి పద్ధతి. నేల రంగు, లోతులను బట్టి తరగతులు చేసి, అన్నింటికంటె మంచి నేలను పదహారు అణాలుగా లెక్కించి, మిగిలినవాటిని అణాలలో తగ్గించుకుంటూ పోవడం దాని సారాంశం. ఇసుక, రాయి, వాలు వంటి లోపాలుంటే మరో మెట్టు దిగేది. గ్రామాలను బజారు దూరం, వర్షపాతం బట్టి గుంపులు చేసేవారు. మావర్దీ చెప్పిన అంశాలకూ వీటికీ పోలిక చూడగానే తెలుస్తుంది. ఒకరి నుండి మరొకరు తీసుకున్నారనడానికి ఆధారం అవసరం లేదు. నేలను నిజాయితీగా చూసిన ఎవరికైనా ఈ ప్రశ్నలే ఎదురవుతాయి.

కరీంనగర్ పల్లెల్లో నేటికీ వినిపించే తరి, ఖుష్కి, బాగాత్, ఆబీ, తాబీ అనే మాటలు ఆ బందోబస్తు జ్ఞాపకాలే. తరి అంటే మాగాణి, ఖుష్కి అంటే మెట్ట, బాగాత్ అంటే తోట. వానకాలపు వరి ఆబీ, యాసంగి వరి తాబీ. ఎర్ర చెల్కకూ, ఆదిలాబాద్ పత్తి పండే నల్లరేగడికీ ఒక వెల ఉండదు. చెరువు కింది తరికీ, రైతు సొంత ఖర్చుతో తవ్వుకున్న బావి కింది తరికీ ఒకే లెక్క చెల్లదు. అబూ యూసుఫ్ చెప్పిన భేదం ఇక్కడ తెలుగు నేల మీద మరో పేరుతో నిలిచినది.

రైలు, బొగ్గు, కాలువ

1905లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఎలగందులకు బదులు కరీంనగర్ జిల్లా కేంద్రమైనది. ఆదిలాబాద్ కూడా ఆ ఏడే పూర్తి స్థాయి జిల్లా అయినది. కోట గల ఎలగందుల పల్లెగా మిగిలిపోగా, కచేరీలు తరలిన కరీంనగర్ పట్టణంగా పెరిగినది. నేలలో ఏ మార్పూ లేకుండానే ఒక ఉత్తర్వుతో ఒకచోటి స్థలాల భాగ్యం మరోచోటికి పోవచ్చునన్నదానికి ఇది పాత ఉదాహరణ. 2016లో ఈ రెండు జిల్లాలనూ ఎనిమిది జిల్లాల కేంద్రాల చుట్టూ విడదీసినప్పుడు జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో స్థలాల వైపు జనం పరుగెత్తడం అదే కథకు మరో ప్రకరణం.

కాజీపేట-బల్హార్షా రైలుమార్గం 1920వ దశకం చివరికి పూర్తయి పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లిలను బయటి బజార్లతో కలిపినది. సింగరేణి గనులు గోదావరి రెండు ఒడ్డులా విస్తరించినవి. 1963లో పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్‌కు శంకుస్థాపన జరిగినది. 1978లో రామగుండం విద్యుత్ కేంద్రానికి పునాది పడి, 1983లో మొదటి యూనిట్ నడిచినది. దిగువ మానేరు ఆనకట్ట 1985 నాటికి పూర్తయినది. కాలువ కిందికి వచ్చిన ఖుష్కి తరిగా మారి యజమానిని ధనవంతుని చేసినది. ఆనకట్ట నీటిలో మునిగిన తరి యజమానిని నిర్వాసితుని చేసినది.

ముంపు, గనుల భూసేకరణలో విలువ కట్టే పద్ధతి ముఖ్యంగా పోలిక. చుట్టుపక్కల అమ్మకాల దస్తావేజుల్లోని ధరలే సాక్ష్యం. 1894 చట్టానికి 1984లో జరిగిన సవరణ పరిహారంపై అదనపు మొత్తాన్ని నూటికి 15 నుండి 30కి పెంచినది. 2013 చట్టం దానిని నూటికి నూరు చేసినది. గత మూడేండ్ల అమ్మకాల్లో ఎక్కువ ధర గల సగం దస్తావేజుల సగటును లెక్కలోకి తీసుకోవాలన్నది. మార్గం మెరుగైనది, కానీ దస్తావేజే అబద్ధమైతే?

స్టాంపు ఖర్చు తప్పించుకోవడానికి ఇచ్చిన ధరను తగ్గించి రాయించడం ఊరూరా ఉన్న అలవాటు. రాసుకున్న ఇద్దరికీ ఆనాడు లాభమే. రేపు అదే ఊరి భూములను ప్రభుత్వం సేకరించినప్పుడు ఆ తప్పుడు దస్తావేజు పక్క చేను పేదరైతు పరిహారాన్ని కోసివేస్తుంది. హజ్రత్ షుఐబ్ (అలై) తమ జాతికి చేసిన బోధలో తూనికల న్యాయంతో పాటు ప్రజల వస్తువుల విలువను తగ్గించరాదన్న మాటను ఖుర్ఆన్ ఒకటి కంటె ఎక్కువ చోట్ల ప్రస్తావించినది. రిజిస్ట్రేషన్ కాగితంపై తగ్గించి రాసిన అంకె కూడా తూనికలో మోసమే. ఆ తక్కువ తూకం ఎవరికి పడుతుందో రాసేవానికి కనిపించదు, అంతే తేడా.

అమ్మకానికి వీలులేని భూమి

ఆదిలాబాద్ చరిత్రలో మరో పాఠం కలదు. అడవి భూముల కోసం గోండుల పక్షాన నిలిచిన కుమ్రం భీమ్ 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో మరణించినాడు. ఆ తిరుగుబాటు కారణాలను పరిశీలించిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ సలహాలతో ప్రభుత్వం లావోణీ నియమాల కింద వేలాది గోండు, కోలాం కుటుంబాలకు పట్టాలు ఇచ్చినది. ఆయన 1970లలో తిరిగి వచ్చి చూసేసరికి ఆ భూములు చాలావరకు బయటివారి చేతుల్లో ఉన్నవి. ఆ పతనాన్ని 1982లో వెలువడిన తమ గ్రంథంలో ఆయన నమోదు చేసినారు. ఈ లోగా 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకు వర్తించినది. 1970 సవరణతో ఏజెన్సీలో గిరిజనేతరులకు జరిగే ఏ బదలాయింపైనా చెల్లనిదైనది. గిరిజనేతరుని చేతిలోని భూమి గిరిజనుని నుండి వచ్చినదేనని, కాదని రుజువయ్యే వరకు భావించాలన్నారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో జరిగిన కాల్పుల వెనుక ఉన్నది కూడా ఈ భూమి బాధే.

ఏజెన్సీలో భూమి చవక అని వినిపించే మాటకు అర్థమేమి? అక్కడ సమన్ ఉన్నది, ఖీమత్ లేదు. కొనేవానికి చట్టం హక్కు ఇవ్వదు గనుక అతడు చెల్లించినది భూమి వెల కాదు. ఒక గిరిజన కుటుంబపు నిస్సహాయత వెల. బినామీ పేర్లు దీనిని మార్చవు. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ఏడు భూముల భారం పడుతుందన్న హదీసును సయీద్ బిన్ జైద్ (రజి) ఉల్లేఖించినారు. ఆ హదీసు ముస్లిం నేలకని, ముస్లిమేతరుని నేలకని తేడా చూపలేదు.

అమ్మకానికి వీలులేని మరో భూమి వక్ఫ్. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్‌లో తమకు లభించిన మేలైన భూమి గురించి ప్రవక్త (సఅసం)ను సంప్రదించి, దానిని అమ్మకుండా, దానమివ్వకుండా, వారసత్వానికి పోకుండా నిలిపి, ఫలసాయాన్ని పేదలకు, బంధువులకు, బాటసారులకు కేటాయించినారు. అమ్మకం లేనిచోట పోలిక పద్ధతి పనికిరాదు. అందుకే ఫుఖహాలు "ఉజ్రతె మిస్ల్" అన్నారు, అంటే అటువంటి ఆస్తికి బజారులో వచ్చే కౌలు. దానికంటె ఘోరంగా తక్కువకు ముతవల్లీ ఇస్తే ఆ కౌలు చెల్లదు. హనఫీ ఫుఖహాలు వక్ఫ్ ఇంటికి ఒక ఏడు, భూమికి మూడేండ్లకు మించి కౌలు వద్దన్నారు. దీర్ఘకాలం అనుభవించినవాడు సొంతదారుగా చెలామణి అవుతాడన్న భయమే అందుకు కారణం. 1995 వక్ఫ్ చట్టం 56వ సెక్షన్ మొదట మూడేండ్లకు మించిన కౌలును చెల్లదనడంలో అదే జాగ్రత్త కనిపిస్తుంది. 2013 సవరణ వ్యాపారం, విద్య, వైద్యం వంటి ప్రయోజనాలకు అనుమతితో 30 ఏండ్ల వరకు వీలు కల్పించినది. గడువు పెరిగిన కొద్దీ ఉజ్రతె మిస్ల్‌ను మళ్ళీ మళ్ళీ సరిచూసే బాధ్యత పెరుగుతుంది. బజారులో మస్జిద్ దుకాణాన్ని తాతల నాటి కిరాయికి పట్టుకొని కూర్చున్న ముస్లిం వ్యాపారి, వక్ఫ్ ఆస్తులు అన్యాక్రాంతమైనవని వాపోయే ముందు తన కిరాయిని పక్క దుకాణం కిరాయితో పోల్చి చూసుకోవాలి. ఆ తేడా ప్రతి నెలా అనాథల భోజనం నుండి తగ్గుతున్నది.

లెక్క వేయవలసిన తీరు

ఈ చరిత్ర నుండి స్థిరాస్తి కొనేవానికి నాలుగు ప్రశ్నలు లభిస్తాయి.

మొదటిది హక్కు. పట్టా ఎవరిది, భూమి వక్ఫా, ఇనామా, ఏజెన్సీనా, అసైన్డా? 1954-55 నాటి ఖాస్రా పహాణీ మొదలు నేటి వరకు పేర్ల గొలుసు తెగకుండా ఉన్నదా? 2020లో వచ్చిన ధరణి, 2025లో దాని స్థానంలో వచ్చిన భూభారతి సమాచారాన్ని చేతికి అందించినవి గాని, పాత కాగితాన్ని పరిశీలించే పనిని తప్పించలేదు. హక్కు లేనిచోట మిగిలిన మూడు ప్రశ్నలకు అర్థం లేదు.

రెండవది రాబడి. రూమా బావి పాఠం ఇదే. ఒక ఇంటి ధర 40 లక్షలు, నెల కిరాయి 10,000 అనుకుందాము. ఏడాదికి 1,20,000. అంటే నూటికి 3. పన్ను, మరమ్మతులు, ఖాళీగా ఉండే నెలలు తీసివేస్తే ఇంకా తక్కువ. ఇది చూసిన తరువాత కూడా కొనేవాడు రాబడి కోసం కాక ధర పెరుగుదల కోసం కొంటున్నానని తనకు తాను స్పష్టంగా చెప్పుకోవాలి.

మూడవది పోలిక. అయితే అది దళారి చెప్పిన ధరతో కాదు, నిజంగా చేతులు మారిన సొమ్ముతో. కొనే ఉద్దేశం లేకుండా పాట పెంచే నజష్‌ను ప్రవక్త (సఅసం) నిషేధించినారు. కొత్త వెంచర్లలో అన్నీ అమ్ముడుపోయినవని పుకారు పుట్టించడం దానికి నేటి రూపం.

నాల్గవది జకాత్. నివాసానికి, కిరాయికి ఉన్న ఇంటి మూలధనంపై జకాత్ లేదు. చేతిలో నిలిచిన కిరాయిపై ఉన్నది. తిరిగి అమ్మే ఉద్దేశంతోనే కొన్న స్థలం వ్యాపార సరుకు. దానిపై ఏటేటా ఆనాటి ఖీమత్ ప్రకారం నూటికి రెండున్నర అన్నది అధిక సంఖ్యాక ఫుఖహాల అభిప్రాయం. పది లక్షలకు కొన్న స్థలం నేడు పదహారు లక్షలు చేస్తే జకాత్ 40,000. ఒక్క రూపాయి రాబడి లేని స్థలంపై ఇది. ఈ విధి రెండు మేళ్ళు చేస్తుంది. ఏడాదికొకసారి తన ఆస్తికి నిజమైన విలువ కట్టక తప్పని స్థితిని కల్పిస్తుంది. బీడుగా పెట్టిన నేలను సాగుకో, నివాసానికో వదలమని నెడుతుంది. పెరుగుదలను ఊహించి నేలను తాళం వేసి ఉంచేవానికీ, గడువు లోపల పిండుకున్న నాటి గుత్తేదారుకూ మధ్య దూరం ఎక్కువేమీ కాదు. ఇద్దరి లెక్కలోనూ నేల మీద బ్రతికేవాడు లేడు.

ఫుఖహాలు స్థిరాస్తిలో అయిదవ వంతు తేడాను మన్నించినారు. తెలియక జరిగే పొరపాటుకు ఇచ్చిన వెసులుబాటు అది. తెలిసి తగ్గించి రాసిన దస్తావేజుకు, తెలిసి బిగించి పట్టిన వక్ఫ్ కిరాయికి, తెలిసి కొన్న గిరిజన భూమికి ఆ వెసులుబాటు వర్తించదు.